కొత్త కారు పదేపదే మొరాయిస్తుంటే: జాబ్ కార్డు నుంచి వినియోగదారుల కమిషన్ దాకా

బండి ఇంటికి తెచ్చిన నెలకే ఇంజిన్ లైట్ వెలుగుతుంది. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఏదో రీసెట్ చేసి పంపిస్తారు. వారం తిరక్కుండా మళ్లీ అదే లైట్. ఇలా నాలుగైదుసార్లు తిరిగాక విసుగొచ్చి 'కారు మార్చి ఇవ్వండి' అంటే, 'సార్, మా సిస్టంలో మీది ఒక్కటే కంప్లయింట్ ఉంది, మిగతావన్నీ జనరల్ చెకప్‌లే' అంటారు. అది అబద్ధం కాకపోవచ్చు కూడా. జాబ్ కార్డుల మీద, అంటే బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు మీ ఫిర్యాదు రాసుకునే కాగితాల మీద, నిజంగానే అలా రాసి ఉంటుంది, కింద మీ సంతకమూ ఉంటుంది. లోపమున్న కారు కేసులు ఎక్కువగా చెడేది అక్కడే.

మన దేశంలో ఇలాంటి కార్ల కోసం విడిగా చట్టం లేదు. అమెరికా రాష్ట్రాల్లో 'లెమన్ లా' పేరుతో ఉన్న చట్టాలు ఒకే లోపం ఇన్నిసార్లు రిపేరు చేసినా పోకపోతే, లేదా బండి ఇన్ని రోజులు షెడ్డులోనే ఉంటే కంపెనీ వెనక్కి తీసుకోవాలని లెక్క కట్టి చెబుతాయి. ఇక్కడ ఆ లెక్క లేదు కాబట్టి 'మూడుసార్లు రిపేరైతే మార్చాల్సిందే' అని కౌంటర్ దగ్గర ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు. మనకున్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. అందులోని సెక్షన్ 39 కింద కమిషన్ లోపం సరిచేయమని చెప్పగలదు, కొత్త బండి ఇమ్మనగలదు, కట్టిన సొమ్ము వడ్డీతో వాపసు చేయమనగలదు, నష్టపరిహారం, కేసు ఖర్చులు ఇప్పించగలదు. వీటిలో ఏది దక్కుతుందన్నది మీ ఫైలు తేల్చాలి.

ఏది లోపం కిందికి వస్తుంది

సెక్షన్ 2(10) నిర్వచనం చాలా విశాలం. చట్టప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మినవాళ్లు చెప్పుకున్నదాని ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత, ప్రమాణం లేకపోతే లోపమే. కాకపోతే కారు మొత్తం మార్చమని అడిగేటప్పుడు ఆ నిర్వచనం ఒక్కటీ సరిపోదు. అది మామూలుగా ఒక పార్టు పాడవడం కాదని, తయారీలోనే ఉన్న లోపమని, పార్టులు మార్చినా పోవడం లేదని చూపించాలి.

నిలబడే ఫిర్యాదులు ఇలా ఉంటాయి: నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోవడం, గేర్‌బాక్స్ ఒకసారి మార్చాక కూడా జెర్కులు రావడం, అలైన్‌మెంట్ చేశాకా స్టీరింగ్ ఒక వైపుకే లాగడం, బ్రేకులు పట్టకపోవడం, వానకు క్యాబిన్‌లోకి నీళ్లు రావడం, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడం.

బలం లేని ఫిర్యాదులు వేరు. డ్యాష్‌బోర్డు గలగల, తలుపు దగ్గర గాలి చప్పుడు, చల్లటి బ్రేకుల కీచు. వీటికి రిపేరు దొరుకుతుంది గానీ కొత్త కారు రాదు. మైలేజీ ఒక్కదాని మీదే కేసు వేయడం చాలాసార్లు వృథా ప్రయాస. బ్రోచర్‌లోని అంకె టెస్టు పరిస్థితుల్లో తేలింది, రోడ్డు మీది ట్రాఫిక్‌కు హామీ కాదు. డీజిల్ కార్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు సంగతి ఇంకోటి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిప్పితే ఎగ్జాస్ట్ వేడెక్కక ఫిల్టర్‌లోని మసి కాలదు, లైటు వస్తుంది. ఓనర్స్ మాన్యువల్‌లో ఆ హెచ్చరిక ఉంటుంది, కంపెనీ లాయరు మొదట తెరిచేది ఆ పేజీనే. హైవే మీద నడిపాకా లైటు పోకపోతే అప్పుడు అది మీ కేసు.

'ప్రొడక్ట్ లయబిలిటీ' అనే మాట విని చాలామంది పొరబడతారు. చట్టంలోని ఆరో అధ్యాయం లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయం, ప్రాణనష్టం, వేరే ఆస్తికి నష్టం జరిగినప్పటిది. కారుకే జరిగిన నష్టం ఆ 'హాని' నిర్వచనంలోకి రాదు. బండి మార్పిడికో వాపసుకో అయితే మీ ఫిర్యాదు లోపం, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటల మీద నిలబడాలి.

ఎవరు వేయొచ్చన్నదీ చూసుకోవాలి. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు. సొంతంగా నడుపుకుంటూ దాని మీదే బతికే ట్యాక్సీ యజమానికి మినహాయింపు ఉంది, పది బండ్లు తిప్పే ట్రావెల్స్‌కు లేదు. కంపెనీ పేరు మీద కొన్న కారు డైరెక్టర్ సొంత వాడకానికైతే అది వాణిజ్య ప్రయోజనం కాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో చెప్పింది.

తాళాలు తీసుకునే ముందే

రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ మీ పేరు మీద అయిపోయాక డీలర్‌కు మీ మీద ఉండే శ్రద్ధ వేరు. కాబట్టి చూడాల్సింది అంతకు ముందే, స్టాక్‌యార్డులో, పగటి వెలుతురులో. మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు రాయించుకుని, బండి మీది 17 అక్షరాల నంబరుతో సరిచూసుకోండి. ఫారం 21 అంటే అమ్మకం సర్టిఫికెట్. అందులో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కగోడ మీద చివరి నాలుగంకెలు తయారీ వారం, సంవత్సరం: 1225 అంటే 2025లో 12వ వారం. బండి కొత్తది, టైర్లు ఏడాదిన్నర పాతవి అయితే అడగాల్సిందే.

రవాణాలో గీసుకుపోయిన బండికి రంగు వేసి కొత్తదిగా అమ్మడం కూడా జరుగుతుంటుంది. కంటికి తెలియదు గానీ పెయింట్ మందం కొలిచే గేజ్‌కు తెలుస్తుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అన్ని ప్యానెళ్లూ 120 చూపించి ఒక్క తలుపు 280 చూపిస్తే ఆ తలుపు చరిత్ర వేరు. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ పనిచేయదు, అక్కడ కొలిచి కంగారు పడొద్దు. ఇలాంటి బండి అంటగట్టినా, పాత సంవత్సరం బండిని కొత్తదన్నా అది తయారీ లోపం కాదు, అనుచిత వ్యాపార పద్ధతి. అప్పుడు బాధ్యత మొదట డీలర్‌దే. 2009 మోడల్‌ను 2011లో కొత్తదిగా అమ్మిన కేసులో, కంపెనీకి ఆ సంగతి తెలుసని రుజువు లేనందున డీలర్ చేసినదానికి కంపెనీని బాధ్యురాల్ని చేయలేమని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ విషయంలో తేల్చింది.

జాబ్ కార్డు మీద మీ మాట

సర్వీస్ అడ్వైజర్ రోజుకు ముప్పై బండ్లు చూస్తాడు. మీరు రెండు నిమిషాలు చెప్పింది అతను రెండు మాటల్లో కొట్టేస్తాడు: 'జనరల్ చెకప్', 'ఇంజిన్ నాయిస్'. సంతకం పెట్టేముందు 'కస్టమర్ వాయిస్' అన్న గడి చదవండి. అందులో ఉండాల్సింది ఇలా ఉంటుంది:

'కోల్డ్ స్టార్ట్ తర్వాత 10–15 నిమిషాలకు, 40 కిలోమీటర్ల వేగంలో, ఏసీ ఆన్‌లో ఉండగా ఇంజిన్ ఆగిపోతోంది. ఇంజిన్ లైట్ వెలుగుతోంది. ఇదే ఫిర్యాదుతో ఇది మూడోసారి.'

పాత జాబ్ కార్డుల నంబర్లు కూడా అక్కడే రాయించండి. ప్రతిసారీ ఒకే మాటలు వాడండి. ఒకసారి 'జెర్క్', ఇంకోసారి 'పికప్ లేదు', మరోసారి 'వైబ్రేషన్' అని రాయిస్తే కాగితం మీద అవి మూడు వేర్వేరు లోపాలు, ఒక్కోటి ఒక్కోసారి రిపేరైపోయినవి. అడ్వైజర్ రాయనంటే అక్కడే నిలబడి అదే మాటను డీలర్ సర్వీస్ మెయిల్‌కు, కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపి, జాబ్ కార్డు ఫొటో జత చేయండి. ఫోన్‌లో చెప్పినవాటికి విలువ లేదు. ఫోన్ చేసినా తర్వాత 'ఇందాక మాట్లాడిన విషయం ఇది' అని ఒక మెయిల్ కొట్టండి.

బండి వెనక్కి తీసుకునేటప్పుడు ఇవి అడగండి:

1. స్కానర్ రిపోర్టు ప్రింట్. ఫాల్ట్ కోడ్ అందులో ఉంటుంది. పీ0300 అంటే ఏదో ఒక సిలిండర్ అని తేల్చలేని మిస్‌ఫైర్. మూడు ప్రింట్లలో అదే కోడ్ ఉంటే మీరు నోరు తెరవక్కర్లేదు. కోడ్లు చెరిపేసిన తర్వాత తీసిన ప్రింట్ ఇస్తారు చూసుకోండి, చెరిపే ముందుది కావాలి.
2. మార్చిన పార్టుల వివరంతో ఇన్‌వాయిస్. వారంటీలో మారిస్తే బిల్లు సున్నా అయినా కాగితం రావాలి.
3. బండి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, రెండుసార్లూ ఓడోమీటర్ అంకె.

లోపం పోలేదని తెలిసి కూడా బండి తెచ్చుకోక తప్పకపోతే, శాటిస్‌ఫాక్షన్ కాగితం మీద 'ట్రయల్‌లో లోపం మళ్లీ కనిపించింది, అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం చేయండి. ఉత్త సంతకం పెట్టిన ఆ కాగితాన్ని రేపు అవతలి లాయరు అనెక్షర్‌గా, అంటే కేసుకు జతచేసే పత్రంగా, దాఖలు చేస్తాడు.

వీడియో తీస్తే ఒకే షాట్‌లో ఓడోమీటర్, వార్నింగ్ లైటు, శబ్దం రావాలి. కత్తిరించవద్దు, ఎడిట్ చేయవద్దు, వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాక ఫోన్‌లోని అసలు ఫైలు దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఎ భాగం మీది, బి భాగం నిపుణుడిది, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) రాయాలి. సాక్ష్యం విషయంలో కమిషన్లు కోర్టులంత కఠినంగా ఉండవు. అయినా సర్టిఫికెట్ పెడితే ఒక అభ్యంతరం తగ్గుతుంది.

ఈ మధ్యలో బయట మెకానిక్‌తో ఇంజిన్ విప్పించకండి. వైరింగ్ కోసి బయటి మ్యూజిక్ సిస్టం, హెడ్‌లైట్లు పెట్టించకండి. ఎలక్ట్రికల్ లోపానికి వారంటీ నిరాకరించడానికి దానికి మించిన సాకు వాళ్లకు దొరకదు. పీరియాడిక్ సర్వీసులు చెప్పిన కిలోమీటర్లకు, చెప్పిన నెలకు చేయించండి, వాళ్లతో గొడవలో ఉన్నా సరే. టైర్లకు, బ్యాటరీకి వారంటీ చాలాసార్లు వాటి తయారీదారులదే ఉంటుంది. ఆ ఫిర్యాదులు ఆ కంపెనీలకే వెళ్లాలి.

నోటీసు, హెల్ప్‌లైన్, గడువు

రెండు మూడుసార్లు అదే లోపంతో తిరిగాక డీలర్‌తో మాటలు ఆపి కంపెనీకి రాయండి. డీలర్, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు, ప్రాంతీయ ఆఫీసు ముగ్గురికీ స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువుతో నోటీసు పంపండి. లాయరు రాయాలనేమీ లేదు. తేదీల వరుస, జాబ్ కార్డుల నంబర్లు, ఏం కావాలి, 15 రోజుల గడువు, అంతే. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. చట్టం ఈ నోటీసును తప్పనిసరి చేయలేదు గానీ, దానికి వచ్చిన జవాబో, రాని జవాబో తర్వాత పనికొస్తుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయొచ్చు. వాళ్లు దాన్ని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. కొన్నిసార్లు కంపెనీ టెక్నికల్ ఇంజినీర్ బండి చూడటానికి రావడం అప్పుడే జరుగుతుంది. కానీ ఆదేశాలిచ్చే అధికారం హెల్ప్‌లైన్‌కు లేదు.

ఇక్కడొక గుంట ఉంది. సెక్షన్ 69 ప్రకారం, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. నోటీసులు, మెయిళ్లు, హెల్ప్‌లైన్ ఫిర్యాదులు ఆ రెండేళ్లను ఆపవు. 'పై వాళ్లతో మాట్లాడుతున్నాం సార్' అంటూ ఏడాదిన్నర గడిపేయడం చూస్తూనే ఉంటాం. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. లెక్క కొన్న తేదీ నుంచే వేసుకుని, ఆ రెండేళ్లలోపే దాఖలు చేస్తే వాదనే ఉండదు.

ఎక్కడ, ఎంత ఫీజుతో

ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి తేలుతుంది. 2021 డిసెంబరు చివర్లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 లక్షల రూపాయల దాకా జిల్లా కమిషన్, 50 లక్షలు దాటి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. అంటే మామూలు కార్లన్నీ జిల్లా కమిషన్‌కే. ఫీజు 5 లక్షల దాకా లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. పన్నెండు లక్షల కారుకు కట్టేది 400 రూపాయలు. సివిల్ కోర్టులో దావా వేస్తే దావా విలువ మీద కోర్టు ఫీజు కట్టాలి. కేసు అనగానే ముందు ఈ దారినే చూడమనడానికి అదొక కారణం.

కారు ఎక్కడ కొన్నా, మీరు నివసించే చోటో, పనిచేసే చోటో ఉన్న కమిషన్‌లో వేయొచ్చు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇది. హైదరాబాద్‌లో కొని రాజమండ్రిలో ఉంటే రాజమండ్రి పరిధిలోని కమిషన్‌లోనే వేసుకోండి. ఆన్‌లైన్‌లో అయితే ఈ-జాగృతి పోర్టల్‌లో ఖాతా తెరిచి, పీడీఎఫ్‌లు ఎక్కించి, ఫీజు కట్టొచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కానీ నిపుణుడి నివేదిక మీద వాదన జరిగే కేసు కాబట్టి, ఆ దశలోనైనా వినియోగదారుల కేసులు చూసే లాయరును పెట్టుకోవడం మేలు.

డీలర్‌ను, తయారీ కంపెనీని ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. వాళ్లిద్దరి మధ్య ఒప్పందం 'ప్రిన్సిపల్ టు ప్రిన్సిపల్' పద్ధతిలో, అంటే ఎవరి వ్యాపారం వాళ్లదే అన్నట్టు, ఉంటుంది. డీలర్ 'తయారీ నాది కాదు' అంటాడు, కంపెనీ 'అమ్మింది మేం కాదు' అంటుంది. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరూ రెండోవాళ్ల వైపు వేలు చూపించి తప్పుకుంటారు.

ఫిర్యాదు రాయడం

కథలా రాయకండి. మొదటి పేరాలో బండి వివరాలు: మోడల్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, కొన్న తేదీ, ధర, లోను. తర్వాత ఒక పట్టిక: తేదీ, ఓడోమీటర్, ఫిర్యాదు, చేసిన పని, బండి షెడ్డులో ఉన్న రోజులు, అనెక్షర్ నంబరు. కమిషన్ సభ్యులు ఫైల్లో మొదట వెతికేది ఇదే. రోజులు కూడి చివర ఒక అంకె పెట్టండి: కొన్న 300 రోజుల్లో 64 రోజులు వర్క్‌షాపులోనే ఉందని తేలితే ఆ వాక్యానికి విశేషణాలు అక్కర్లేదు.

అడిగే ఉపశమనాన్ని మెట్లుగా రాయండి. కొత్త కారే కావాలని ఒక్కటే అడిగి, కమిషన్‌కు ఆ లోపం రిపేరుతో పోతుందనిపిస్తే చేతికి పెద్దగా ఏమీ రాదు. వారంటీ షరతులు పార్టు మార్చడం వరకే ఉన్నప్పుడు మొత్తం కారు మార్చమనడం సరికాదని మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే అంది. కంపెనీలు నేటికీ ఎత్తిచూపే తీర్పు అది. కాబట్టి వరుస ఇలా పెట్టండి:

'అదే మోడల్, అదే వేరియంట్ కొత్త కారు, కొత్త వారంటీతో ఇవ్వాలి. అది తయారీలో లేకపోతే చెల్లించిన మొత్తం ధర వడ్డీతో వాపసు ఇవ్వాలి. ఈ రెండూ కాకపోతే ఫలానా అసెంబ్లీ మొత్తం ఉచితంగా మార్చి, మార్చిన తేదీ నుంచి కొత్త వారంటీ ఇవ్వాలి. వీటికి అదనంగా రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలకు అయిన ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు.'

ఎక్స్-షోరూమ్ ధర ఒక్కటే రాసి ట్యాక్సు, ఇన్సూరెన్స్ మర్చిపోతే, అడగనిది రాదు. మానసిక వేదనకు యాభై లక్షలు అడిగితే ఫైలు బరువు పెరగదు, తగ్గుతుంది.

నిపుణుడి పరీక్ష: కేసు తిరిగే చోటు

కంపెనీ మొదటి వాదన ఎప్పుడూ ఒకటే: 'తయారీ లోపమని నిపుణుడి నివేదిక లేదు'. దీనికి దారి సెక్షన్ 38(2)(సి). పరీక్ష లేకుండా తేల్చలేని లోపమైతే కమిషన్ తగిన ల్యాబొరేటరీకి పంపి 45 రోజుల్లో నివేదిక తెప్పించాలి. కానీ కమిషన్ తనంతట తానే పంపుతుందని కూర్చోకండి. ఫిర్యాదుతో పాటే ఒక ఐ.ఏ. (కేసు మధ్యలో ఒక ఉత్తర్వు కోరే దరఖాస్తు) వేయండి. పుణెలోని ఏఆర్‌ఏఐ (వాహనాల పరిశోధన, పరీక్షల సంస్థ) లాంటి సంస్థ పేరో, ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ఆటోమొబైల్, మెకానికల్ విభాగం పేరో సూచించండి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను నియమించడమూ ఉంది. ఆయన బండి ఫిట్‌నెస్ చెప్పగలడు గానీ, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) లోపల ఏముందో చెప్పే సాధనాలు ఆయన దగ్గర ఉండకపోవచ్చు. పరీక్ష ఫీజు ముందు ఫిర్యాదుదారే జమ చేయాలి.

అసలు మెలిక ప్రశ్నల్లో ఉంది. 'బండిలో లోపం ఉందా?' అని అడిగితే 'పరీక్షించిన సమయంలో బండి సాధారణంగా ఉంది' అని ఒక్క లైను వస్తుంది, దాంతో కేసు మునుగుతుంది. ప్రశ్నలు మీరే రాసి ఐ.ఏ.లో పెట్టండి: బండిని రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున కోల్డ్ స్టార్ట్ తర్వాత ఏసీ వేసి ఎంతసేపు నడిపి చూశారు? ఈసీయూలో నిలిచిన, పెండింగ్‌లో ఉన్న కోడ్లు ఏవి? ఆ లోపానికి కారణం తయారీయా, నిర్వహణా, ఇంధనమా? ఏ పార్టు మారిస్తే పోతుంది, ఆ పార్టు ఇంతకుముందే మార్చారా? పరీక్షకు రెండు పక్షాలనూ పిలుస్తారు, తప్పక వెళ్లండి. పరీక్ష ముందు రోజు డీలర్ 'వాష్ చేసి పంపుతాం' అని బండి అడిగితే ఇవ్వకండి.

నివేదిక తప్పనిసరి కాని సందర్భాలూ ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని క్రెటా కేసులో హ్యుందాయ్ కంపెనీ ఢీకొన్న వేగం, కోణం సరిపోలేదని వాదించింది. కొన్నవాడు భౌతికశాస్త్ర నిపుణుడై ఢీకొన్న బలాన్ని లెక్కకట్టాలని ఆశించలేమని 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పి, 3 లక్షల పరిహారాన్ని, బండి మార్పిడిని నిలబెట్టింది. బండి ముందుభాగం నుజ్జయిన ఫొటోలు, తెరుచుకోని బ్యాగులు, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని నమ్మించి అమ్మిన వైనం అక్కడ చాలాయి.

కంపెనీలు వేసే మిగతా వాదనలకు ముందే జవాబు సిద్ధంగా ఉంచుకోండి. కల్తీ పెట్రోలు అంటారు, కాబట్టి లోపం మొదలైన నాటి నుంచి బంకు బిల్లులు దాచండి. 'ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో తయారీ లోపమేంటి?' అంటారు. ఇది గట్టి వాదనే, కమిషన్లు ఓడోమీటర్ చూస్తాయి. లోపం ఐదొందల కిలోమీటర్ల దగ్గరే మొదలైందని మొదటి జాబ్ కార్డు చెప్పాలి, ఆ తర్వాత బండి వాడకం అవసరం మేరకే ఉండాలి. 'అన్నీ ఉచితంగా చేశాం, ఇక లోపమేంటి?' అంటారు. ఒకే పని ఐదుసార్లు ఉచితంగా చేయాల్సి రావడమే దానికి జవాబు.

గడువుల సంగతి. ఎదుటి పక్షం నోటీసు అందిన 30 రోజుల్లో, మరీ అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే తీసుకోవడానికి వీల్లేదని 2020 మార్చిలో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 46వ రోజున వచ్చిన జవాబుకు అభ్యంతరం చెప్పడం మర్చిపోకండి. చట్టం ప్రకారం కేసు మామూలుగా 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేలాలి. వాస్తవంలో ఏళ్లు పట్టేవి చాలా ఉన్నాయి, ఆ లెక్కతోనే దిగండి.

మధ్యలో రాజీ ఆఫర్ వస్తే

కేసు వేశాక కంపెనీ కొత్త బండి ఇస్తామని ముందుకు రావచ్చు. పంతానికి పోయి తోసేయకండి. హైదరాబాద్‌లో 2009లో కొన్న బీఎండబ్ల్యూ కేసు చూడండి. కొన్న కొద్ది రోజులకే లోపం బయటపడింది, చీటింగ్ కేసు పెట్టారు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ క్రిమినల్ కేసు కొట్టేస్తూనే కొత్త కారు ఇమ్మంది. కంపెనీ సరేనంది, కొన్నవాళ్లు వద్దన్నారు. చివరికి 2024 జూలైలో సుప్రీంకోర్టు మొత్తం లెక్క ముగింపుగా 50 లక్షలు ఇప్పించింది. అప్పటికి పదిహేనేళ్లు. ఆఫర్ వస్తే లిఖితపూర్వకంగా తీసుకోండి, అందులో కొత్త రిజిస్ట్రేషన్ ఖర్చు, ట్యాక్సు, లోను బదిలీ, వారంటీ ప్రారంభ తేదీ ఉన్నాయో చూడండి, కమిషన్ ముందే రికార్డు చేయించండి. లేకపోతే 'మంచి మనసుతో ఇస్తున్నాం' అంటూ ఒక ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం చేతిలో పెట్టి కేసు వెనక్కి తీసుకోమంటారు.

కోపం కొద్దీ ఈఎంఐ ఆపడం మాత్రం చేయకండి. బ్యాంకుకు, లోపానికి సంబంధం లేదు. సిబిల్ స్కోరు పోతుంది, బండి సీజ్ చేస్తారు, కేసులో చూపించడానికి బండే ఉండదు. అలాగే బండిని డీలర్ షెడ్డులో వదిలేసి రావాల్సి వస్తే, 'రిపేరు పూర్తిచేసి లోపం లేదని రాసిచ్చే దాకా ఉంచుతున్నాను' అని రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే పార్కింగ్ చార్జీల నోటీసు వస్తుంది.

రీకాల్ అయితే

మీ ఒక్కరి బండిలోనే కాక మోడల్ మొత్తంలో ఉన్న లోపం, అదీ ప్రాణాపాయమైనదైతే, మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 110ఎ కింద కేంద్రం రీకాల్‌కు ఆదేశించగలదు. ఏడేళ్లలోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. కంపెనీలు స్వచ్ఛందంగా చేసే రీకాల్స్ వేరు, వాటిని ఛాసిస్ నంబరుతో కంపెనీ సైట్లో చూసుకోవచ్చు. మీ లోపం రీకాల్‌లో ఉన్న పార్టుదే అయితే ఆ ప్రకటన కాపీ ఫైల్లో పెట్టండి. తయారీ లోపమని కంపెనీ తానే ఒప్పుకున్న కాగితం అది. ఒకే లోపంతో చాలామంది ఉంటే కమిషన్ అనుమతితో ఒక్క ఫిర్యాదే అందరి తరఫునా వేయొచ్చు.

ఉత్తర్వు వచ్చాక

ఓడినవాళ్లు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వేయొచ్చు, కానీ చెల్లించమన్న మొత్తంలో సగం ముందు జమచేయాలి. అప్పీలూ లేక, సొమ్మూ రాకపోతే సెక్షన్ 71 కింద డిక్రీలా అమలు చేయించండి. సెక్షన్ 72 కింద వేస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డైరెక్టర్లకు నోటీసు వెళ్లిన వారంలో చెక్కు సిద్ధమైన సందర్భాలు తక్కువేం కాదు.

సొమ్ము చేతికొచ్చిన రోజు బండి ఇచ్చేసి ఇంటికి వచ్చేయకండి. లోను తీర్చి బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35తో హైపోథికేషన్, అంటే ఆర్సీ మీది బ్యాంకు తాకట్టు, తీయించండి. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి యాజమాన్యం కంపెనీ పేరుకో, డీలర్ పేరుకో ఆర్టీఏ రికార్డులో మారే దాకా వెంటపడండి. ఫాస్టాగ్ మూసేయండి. రెండు తాళాలు, ఆర్సీ అప్పగించినట్టు తేదీ, సమయం, ఓడోమీటర్ అంకెతో రసీదు తీసుకోండి. ఆర్సీ మీ పేరు మీదే ఉండిపోతే, ఆ బండి రేపు ఎవరినైనా గుద్దినప్పుడు వచ్చే సమన్లు మీ ఇంటికే వస్తాయి.